మూడు నూళ్ల సందు

సాయన్నకున్న చెడ్డ అలవాటు ఒక్కటే. ఆయన ఎన్నడూ తప్పు చేయడు.

బీడీ కాల్చడు, కల్లు తాగడు, పేకముక్క ముట్టడు. ఇట్లాంటి మామ ఉన్న ఇంట్లో నెగ్గుకురావడం ఎంత కష్టమో తాగే మామలున్న కోడళ్లకు అర్థం కాదని యమున అభిప్రాయం. తాగినవాడు తెల్లారేసరికి దిగుతాడు. సాయన్న దిగడు. అచ్చంపేట బస్సు ఏడు గంటలకని ఆయన చెప్పి, అది ఆరున్నరకే వెళ్లిపోతే, తప్పు బస్సుది. పప్పులో ఉప్పు తక్కువని ఆయనంటే, ఆ పూటకు వనపర్తిలో ఉప్పే తక్కువ.

"ఇరవై ఏండ్లు పట్టాళంల విమానాల కాడ ఫిట్టర్ పని చేసిండు. ఆయనకు భయపడే అవి సక్కగ ఎగిరినయి" అంటుంది అత్త భీమమ్మ. ఎగరనిది ఒకటుంది. దాని సంగతి ఆమె ఎత్తదు.

ఆ ఒక్కదాని బొమ్మే ఇప్పుడు వాళ్లింట్లో తయారవుతోంది. రెండు వేల ఆరు, ఏప్రిల్ నెల. యమున భర్త శ్రవణ్ కుమార్ హైదరాబాద్‌లో ఎవరో పాత సామాను అమ్ముతుంటే, తండ్రి పనిచేసిన విమానమే కదా అని ఒక పెట్టె తెచ్చాడు. ఆ విమానం అసలు పేరు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసి పొడుగ్గా ఉంటుంది కాబట్టి, సాయన్న పిలిచినట్టే ఇంట్లో అందరూ దాన్ని 'బుడ్డది' అనేవారు. పెట్టె తెరిస్తే రెండు తెల్లటి ప్లాస్టిక్ రేకులు, బిస్కెట్ ప్యాకెట్లో బిస్కెట్ల కింద ఉండే తట్టలాంటివి. రేకును వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీద పరిచి, కిందినుంచి గాలి పీల్చేస్తే ఆ ఆకారం తేలుతుందట. ఒక రేకు మీద విమానం పొట్ట రెండు సగాలు, ఇంకో రేకు మీద రెక్కలు. అంతే. చక్రాలు లేవు, కాళ్లు లేవు, నడిపేవాడు కూర్చోను సీటు లేదు. మిగిలినవి మీరే చేసుకోగలరని ఒక కాగితం మీద ఇంగ్లీషులో మర్యాదగా రాసి ఉంది.

"పెండ్లికొడుకు లేకుంట పెండ్లి బట్టలు పంపినట్టున్నరు" అంది భీమమ్మ.

సాయన్నకు ఎడమకంట్లో పొర, కుడిచేతికి కొద్దిగా వణుకు. శ్రవణ్ చేతులు ఆఫీసులో ఫైళ్లు కట్టడానికే సరిపోతాయి. కాబట్టి పని యమునకు వచ్చింది. ఆమెది గద్వాల. తండ్రి చేనేత సంఘంలో గుమాస్తా. అటొక మగ్గం ఇటొక మగ్గం మధ్య ఇల్లు. డిగ్రీ చదివే రోజుల్లో కూడా పక్కింటివాళ్ల పడుగులో పోగు తెగితే ఆమెనే పిలిచేవాళ్లు, ముడి కనిపించకుండా అతుకుతుందని. ఆ వేళ్లు ఇప్పుడు రేకును కత్తి మొనతో గీసి, పుటుక్కున విరిచి, గరుకు కాగితం మీద అంచును గుండ్రంగా రుద్దడం నేర్చుకున్నాయి. మాత్రల పట్టీ వెనకుండే రేకుతో సీటు చేసింది. చొక్కా గుండీలను అతికి, అరగదీసి చక్రాలు చేసింది. ముక్కు కింద నిలబడే కాలికి డాక్టరు పారేసిన ఇంజక్షన్ సూది కోసి పెట్టింది. బొమ్మ మొత్తం అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. సాయన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కో ముక్కకూ వంక పెట్టేవాడు. ఆయన వంక పెట్టిన రోజు పని బాగా జరిగినట్టు లెక్క.

అంతవరకూ అది కాలక్షేపమే. కాలి దగ్గరికి వచ్చేసరికి కాకుండా పోయింది.

డెబ్బై నాలుగులో ఒకరోజు పొద్దున ఆ బుడ్డది నిలబెట్టిన చోటే ముక్కు కాలు మడిచి బొక్కబోర్లా పడింది. విమానం నేల మీద ఉన్నప్పుడు ఆ కాలు మడవకుండా అడ్డంగా ఒక పిన్ను దూరుస్తారు. పిన్ను సగం బయటికి వచ్చి ఉంది. అప్పుడు అక్కడ పనిలో ఉన్నది ఇద్దరే, ఇద్దరిదీ వనపర్తే. ఒకరు సాయన్న, ఇంకొకరు ఆయన కింద పనిచేసే జహంగీర్. విచారణలో సాయన్న రాసిచ్చింది ఇది: పిన్ను కుడివైపునుంచి పెట్టాలి, జహంగీర్ ఎడమవైపునుంచి పెట్టాడు, అందుకే పూర్తిగా దిగక జారింది. జహంగీర్ చెప్పింది ఇది: ఎడమనుంచి అది పోనే పోదు, అక్కడ కాలి తలుపును లాగే ఇనుప చెయ్యి అడ్డం ఉంటుంది. పెద్దవాడి మాటే నిలిచింది. జహంగీర్‌కు రావలసిన పైపదవి ఆగిపోయింది, కొన్నాళ్లకు ఇంటికొచ్చి పాత బజారులో గడియారాల దుకాణం పెట్టుకున్నాడు. ముప్పై రెండేళ్లు. సాయన్న చేతి గడియారం ఆగిపోతే బస్సెక్కి మహబూబ్‌నగర్ పోయి బాగు చేయించుకొస్తాడు.

"ఆ పిన్ను విమానంల దిగిందో లేదో నాకు తెల్వదు గని, ముప్పై ఏండ్లసంది నా ఇంట్ల దిగే ఉన్నది" అంది భీమమ్మ ఒకసారి. సాయన్న విననట్టే ఉన్నాడు.

మాజీ సైనికుల సంఘం వాళ్లు బొమ్మ సంగతి విని, ఆదివారం మీటింగులో బల్ల మీద పెట్టమన్నారు. సాయన్న ఊరుకోలేదు. పిన్ను ఎడమనుంచి పోతుందో లేదో పది మంది ముందు దూర్చి చూపిస్తానన్నాడు. ఆ మాట పాత బజారు చేరడానికి గంట పట్టలేదు.

కాలి కొలతలు సాయన్న పాత నోటుపుస్తకంలో ఉన్నాయి. శిక్షణలో నల్లబల్ల మీద చూసి రాసుకున్నవన్నీ ఇంగ్లీషులో, అంగుళాల్లో. పిన్ను తల అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు అని కూడా ఉంది. కాలికీ ఆ ఇనుప చేతికీ మధ్య సందు మాత్రం శిక్షణలో చెప్పలేదేమో, ఆయన సొంతంగా కొలిచి తెలుగులో రాసుకున్నాడు: '3 నూలు'.

"మామా, ఈడ మూడు నూలు అని ఉన్నది."

"రాసింది నేనే గదా. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

యమున పెట్టింది. కుట్టుమిషను దారం మూడు పోగులు పక్కపక్కన కాలికి ఆనించి, వాటి పక్కన ఫోన్ రీచార్జి కార్డు నుంచి కోసిన చేతిని అతికింది. జిగురు ఆరాక దారాలు లాగేసింది. తీగలోంచి ఒకే ఒక్క రాగి వెంట్రుక తీసి, కొస చుట్టి పిన్ను చేసింది. పట్టుకారుతో ఎడమనుంచి పెడితే సర్రున దిగింది.

సాయన్న భూతద్దంలోంచి ఎంతసేపు చూశాడో. "చూసినవా" అన్నాడు భీమమ్మతో. ఆ రోజు ఆయన పప్పులో ఉప్పు సరిపోయిందన్నాడు. అది విని భయపడింది యమున ఒక్కతే.

జహంగీర్‌కు కబురు పోయింది. జవాబు శుక్రవారం వచ్చింది, శ్రవణ్ నోట. "మీటింగుల కాదు, ఆయితారం పొద్దుగాల ఇంటికే వస్తడంట. కండ్లారా సూస్తడంట. పిన్ను దిగితే మీటింగుల అందరి ముందట నిన్ను మాఫ్ అడుగుత అన్నడు నాయినా."

"అడగనీ" అన్నాడు సాయన్న.

శనివారం పొద్దున హన్మంతు వచ్చాడు. ఆయన వడ్లాయన, కర్రపని చేస్తాడు. వంటింటి తలుపు నేలకు రాస్తోందని భీమమ్మ నెలరోజులుగా పిలుస్తుంటే వచ్చాడు. తలుపు ఊడదీసి, పెన్సిల్ చెవిలోంచి తీసి గీత గీశాడు.

"మూడు నూళ్లు చెక్కితె సాలమ్మా."

యమునకు నవ్వొచ్చింది. "మూడు దారాలంత తీస్తే ఏం తెలుస్తది హన్మంతన్నా? గట్టిగ తీయి."

"దారమేంది?" హన్మంతు ఆమెను జాలిగా చూశాడు. మడత స్కేలు విప్పి బొటనవేలు పెట్టి చూపించాడు. "అంగుళానికి ఎనిమిది నూళ్లు. మేం నూలంటం, పట్నం మేస్త్రీలు సూత్ అంటరు. గింత పెద్దసదువు సదివినవ్, నూలు తెల్వదా?"

"గద్వాలల నూలంటే దారమే అన్నా."

"గద్వాలల తలుపులుండవా?"

పొయ్యి మీద చారు పొంగిపోయింది, యమున చూడలేదు. పట్టాళంలోకి పోకముందు మామ రెండేళ్లు వడ్లవాళ్ల ఇంట్లో నాగళ్లు చెక్కడం నేర్చుకున్నాడని అత్త ఎప్పుడో చెప్పింది. మూడు నూళ్లంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. పిన్ను తల ఎనిమిదింట ఐదు. అయిదు మూడులోంచి ఎట్లా పోతుంది?

హన్మంతు పోయేదాకా ఆగి, శ్రవణ్ క్యాలిక్యులేటర్ తీసుకుంది. మూడు నూళ్లను మిల్లీమీటర్లు చేసి నలభై ఎనిమిదితో భాగించింది. సున్నా పాయింట్ రెండు. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. కుట్టుదారాన్ని పెన్సిల్ చుట్టూ ఇరవై చుట్లు ఒత్తుగా చుట్టి స్కేలు పెట్టింది. నాలుగు మిల్లీమీటర్లు. అంటే ఒక పోగు మందం సున్నా పాయింట్ రెండు.

మామ రాసిన మూడు నూళ్లు ఈ బొమ్మలో ఒకే ఒక్క నూలు. ఆమె మూడు పెట్టింది. ఇనుప చెయ్యి ఉండాల్సిన దూరానికి మూడింతలు జరిగి కూర్చుంది, అందులోంచి పిన్ను కాదు, సాయన్న మాట మొత్తం దర్జాగా దూరింది. రేపు పొద్దున ఒక ముసలాయన ఆ సందు చూసి, చేయని తప్పుకు పది మందిలో మాఫీ అడగబోతున్నాడు. ఒకసారి ఒప్పుకోకుండానే ఆ తప్పు మోశాడు. ఈసారి ఒప్పుకుని మరీ మోస్తాడు. అదీ తన చేతి పుణ్యాన.

లేదా తన లెక్క తప్పయినా కావాలి. అట్లయితే ఎంత బాగుండునో అనుకుంది. చేసి చూస్తేగాని తెలియదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కోత మొదటిసారి కలిసొచ్చింది, ఫ్యాను ఆగితే గాని ఈ ముక్కలు బల్ల మీద నిలబడవు. సాయన్న సంఘం ఆఫీసుకు పోయాడు. అత్త పడుకుంది. కిటికీ వెలుతురులో యమున ఇంకో సూది కోసింది. మొదటిది చీలింది. రెండోదానికి రంధ్రం పక్కకు పోయింది. మూడోది నిలిచింది. ఒక్క దారప్పోగు ఆనించి, దాని పక్కన చేతిని అతికి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. జిగురు ఆరేదాకా చెమట ముక్కు చివరినుంచి బల్ల మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది. ఆరాక పోగు లాగింది. పిన్ను ఎడమనుంచి పెట్టింది.

తల చేతికి తగిలి ఆగింది.

వంచి పెట్టింది. ఆగింది. కింది నుంచి పెట్టింది. ఆగింది. కుడినుంచి పెడితే తలదాకా దిగింది.

సాయంత్రం శ్రవణ్ రాగానే చెప్పింది. అతను బూట్లు విప్పుతూ విన్నాడు, ఒక బూటు విప్పి రెండోది మరిచాడు.

"పాతదే ఉంచు. అంత చిన్న సందు ఎవలకు కనపడతదే?"

"ఆయన పొద్దంత కంటికి అద్దం పెట్టుకొని గడియారాలు చేస్తడు. ఆయనకు కనపడకుంటె ఇంకెవలకు కనపడతది?"

"మరి నాయినకు నువ్వు చెప్తవా?"

"మీ నాయిన. నువ్వు చెప్పు."

"పాతదే ఉంచు" అన్నాడు శ్రవణ్ మళ్లీ, ఈసారి గొంతు తగ్గించి.

ఆదివారం పొద్దున సాయన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. యమున ఎదురుగా నిలబడింది.

"మామా, నేనొక తప్పు చేసిన."

సాయన్న మొహం వికసించింది. ఎదుటివాళ్లు తప్పు చేశామని వచ్చి చెప్పడం ఆయనకు పండగతో సమానం. "చెప్పు బిడ్డా."

చెప్పింది. దారం, హన్మంతు, పెన్సిల్ చుట్లు, అన్నీ. వింటున్నకొద్దీ బూటు మీద బ్రష్ నెమ్మదించి ఆగిపోయింది.

"నీ లెక్క తప్పు" అన్నాడు చివరికి.

"నాలుగుసార్లు చేసిన."

"నాలుగుసార్లు తప్పు చేసినవ్."

"కొలత మీదే మామా. మీ చేతిరాత."

"నా కొలత తప్పు కాదు." ఆయన బ్రష్ కింద పెట్టాడు. "నేను కొల్సిన. మోకాళ్ల మీద వంగి కొల్సిన. నీకేం తెలుసు ఆ కాలు సంగతి?"

యమున స్టీలు మూతలో రెండు కాళ్లు పెట్టి బల్ల మీద ఉంచింది. "ఎడమ దిక్కుది నేను తప్పు చేసింది. దాంట్ల పిన్ను పోతది. కుడి దిక్కుది మీరు కొల్సింది. ఏది పెట్టాల్నో మీరే పెట్టుండ్రి. నాకు పొయ్యి మీద ఉప్మా ఉన్నది."

వంటింట్లోకి వచ్చాక చూసుకుంది. పొయ్యి వెలిగించనేలేదు.

జహంగీర్ ఎనిమిదింటికి వచ్చాడు. తెల్ల కమీజు, గోరింట పెట్టిన గడ్డం. చెప్పులు గడప బయట పక్కపక్కన పెట్టి, లోపలికి వచ్చి నిలబడ్డాడు. ముప్పై రెండేళ్లలో ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

"కూసో అన్నా" అంది భీమమ్మ.

"కూసుంట అక్కా. ముందు సూస్త."

విమానం బల్ల మధ్యలో ఉంది. మూతలో ఏ కాలు మిగిలిందో అని యమున వెతికింది. సాయన్న మూత తీసేశాడు. ముక్కు కింద కాలు బిగించి ఉంది. ఏ కాలో ఆమె నిలబడ్డ చోటినుంచి తెలియలేదు. శ్రవణ్ గోడకు ఆనుకుని పేపరు చదువుతున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

జహంగీర్ జేబులోంచి గడియారాలు చూసే అద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. వంగాడు. చాలాసేపు లేవలేదు.

"ఎవలు చేసిండ్రు ఇది?"

"నా కోడలు."

"మంచి చెయ్యి." అంతే అన్నాడు. నడుము ఎత్తి రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు. "పెట్టు సాయన్నా. ఇచ్చిన జబాన్ మీద నేనున్న."

సాయన్న పట్టుకారుతో పిన్ను తీసుకున్నాడు. ఎడమవైపునుంచి పెట్టాడు. చెయ్యి వణికింది, పిన్ను పక్కకు పోయింది. మళ్లీ పెట్టాడు. టిక్కుమని ఏదో తగిలిన చప్పుడు, చప్పుడు అనడానికి కూడా లేదు, ఫ్యాను ఆపేసి ఉంది కాబట్టి వినిపించింది.

అప్పుడు తెలిసింది యమునకు, ఆయన ఒక్క పోగు సందున్న కాలే పెట్టాడని. ఎందుకు పెట్టాడో కూడా తెలిసింది. తన సొంత కొలత తనకు ఎదురు తిరుగుతుందని ఆయన నమ్మలేదు. కోడలి లెక్క తప్పు, పిన్ను దిగి తీరుతుంది, అంతే.

మూడోసారి పెట్టాడు. నాలుగోసారి.

"చెయ్యి వణుకుతున్నది" అన్నాడు. "నువ్వు పెట్టు బిడ్డా."

యమున పట్టుకారు అందుకుంది. దాన్ని కొద్దిగా గట్టిగా నొక్కితే చాలు, ప్లాస్టిక్ చెయ్యి వంగి దారి ఇస్తుంది. వంగింది జహంగీర్ అద్దానికి కనిపిస్తుందో లేదో ఆమెకు తెలియదు. మామ ఆమె చేతినే చూస్తున్నాడు, పొర ఉన్న కన్ను కూడా విప్పుకుని. తెగిన పోగు అతికేటప్పుడు పట్టినంత వదులుగా పట్టి, ఎడమనుంచి ఆనించింది. ఆగింది. ఆగినచోట ఆపేసింది.

"పోతలేదు మామా."

గెలిచినవాడు నవ్వుతాడని ఆమె ఎదురు చూసింది. జహంగీర్ నవ్వలేదు. "అటునుంచి పెట్టు బేటీ" అన్నాడు మెల్లగా. ఆమె విమానాన్ని తిప్పి కుడినుంచి పెట్టింది. పిన్ను తలదాకా దిగి కూర్చుంది.

సాయన్న పుస్తకం తెరిచాడు. '3 నూలు' అన్న చోట వేలు పెట్టాడు. ఆ అక్షరాల మీద వేలు అటూ ఇటూ రుద్దాడు, చెరిగిపోతే ఇంకేదైనా కనిపిస్తుందన్నట్టు. తర్వాత ఎవరూ చెప్పకుండానే బొమ్మ అందుకుని, పట్టుకారు లేకుండా, గోళ్లతోనే పిన్ను పట్టి కుడివైపునుంచి మెల్లగా బయటికి గుంజాడు. ఆ చెయ్యి వణకలేదు. గుంజి, మళ్లీ పెట్టబోయి, సగంలో ఆగాడు.

వంటింటి నుంచి భీమమ్మ కేక వేసింది. "చాయ్ పోసిన, సల్లారుతది. రాండ్రి."

సాయన్న తల వంటింటి వైపు తిరిగింది. పిన్ను సగంలోనే ఉంది. ఆయన దాన్ని చూశాడు, వంటింటి వైపు చూశాడు, మళ్లీ పిన్నును చూశాడు. బొమ్మను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అప్పుడు గూడ చాయ్‌కే పిలిచిండ్రు" అన్నాడు.

జహంగీర్ కంటి అద్దం తీసేశాడు.

"ఎవలు?" అన్నాడు శ్రవణ్. ఎవరూ అతని వైపు చూడలేదు.

"నువ్వు కుడి దిక్కునుంచే పెట్టినవ్ జహంగీర్." సాయన్న బల్లతో మాట్లాడుతున్నాడు. "తనిఖీ చేస్తనని నేను గుంజిన. సూసిన. మళ్ల పెడుతుంటె చాయ్ వచ్చిందని కేకేసిండ్రు. సగం పెట్టి పోయిన. తాగొచ్చి పెడదామనుకున్న. వచ్చేసరికి అది బోర్ల పడ్డది."

"నీకు యాదికున్నదా?" అన్నాడు జహంగీర్. అడిగిన తీరులో కోపం లేదు, అదే వినడానికి కష్టంగా ఉంది.

"నువ్వు ఎడమనుంచి పెట్టినవని ఆ పొద్దు భయానికి రాసిన. రాసినంక అదే చెప్పిన. చెప్పంగ చెప్పంగ అదే యాదికున్నది, ఇది పోయింది." ఆయన కుర్చీలోంచి లేచాడు. ఎత్తుగా, సైన్యంలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు, కానీ జహంగీర్ కళ్లలోకి చూడటానికి ఇంకొంచెంసేపు పట్టింది.

"మీటింగుల గూడ చెప్త. ముందు నీకు చెప్తున్న" అన్నాడు. "తప్పు నాది."